బీరువాలో బాండు ఎవరిది?

"ఇన్సూరెన్సు మీద పన్ను ఎత్తేశారంట గదా, మనకెంత తగ్గుద్ది?" 2025 సెప్టెంబరులో ఆ వార్త వచ్చినప్పుడు మా చంద్రశేఖరపురంలో చాలా ఇళ్లల్లో ఈ మాట వినపడింది. అడిగింది ఎక్కువగా ఆడవాళ్లే. ఇంటిఖర్చులో పదో పరకో మిగులుతుందంటే ముందు చెవి పెట్టేది మనమే కదా! అదే ఇంట్లో "పాలసీ ఎంతకు రాశారు, ఎవరి కోసం రాశారు, బాండు ఎక్కడుంది" అని అడిగి చూడండి. "ఏమో, ఆయనకే తెలుసు" అన్న జవాబే వస్తుంది. కట్టేదాంట్లో తగ్గే రూపాయి మీద ఉన్న శ్రద్ధ, రేపు రావలసిన లక్షల మీద మనకు ఎందుకు ఉండదో నాకైతే అర్థం కాదు.

ముందు ఆ పన్ను సంగతి చెప్పేస్తాను. 2025 సెప్టెంబరు 3న జీఎస్టీ కౌన్సిల్ తీసుకున్న నిర్ణయం ప్రకారం ఆ నెల 22 నుంచి వ్యక్తిగత జీవిత బీమా, ఆరోగ్య బీమా పాలసీల మీద జీఎస్టీ లేదు. ఇంటిల్లిపాదికీ కలిపి తీసుకునే ఆరోగ్య పాలసీకీ లేదు. అంతకుముందు ఆరోగ్య పాలసీకీ, టర్మ్ పాలసీకీ నూటికి 18 రూపాయలు పన్ను. ఏడాదికి 20,000 ప్రీమియం అయితే 3,600 పన్నుకే పోయేది. మన ఇళ్లల్లో ఎక్కువగా ఉండే ఎండోమెంటు పాలసీలకు మొదటి ఏడాది నాలుగున్నర శాతం, ఆ తర్వాత రెండుంబావు శాతం ఉండేది కాబట్టి వాటిలో తగ్గింది కొంచెమే. ఉద్యోగాల్లో ఇచ్చే గ్రూపు పాలసీలకు ఈ మినహాయింపు వర్తించదు. పాత రసీదూ కొత్త రసీదూ పక్కపక్కన పెట్టి చూసుకోండి. పన్ను పోయిన చోట అసలు ప్రీమియమే పెరిగిందేమో ఇట్టే తెలిసిపోతుంది.

ఆ తర్వాత మూడు నెలలకే, 2025 డిసెంబరులో, పార్లమెంటు ఇంకో చట్టం చేసింది. "సబ్‌కా బీమా సబ్‌కీ రక్షా" అని పేరు. బీమా కంపెనీల్లో విదేశీ పెట్టుబడి నూటికి నూరూ ఉండొచ్చని అందులో ముఖ్యమైన మాట. మొదట 26 శాతం అన్నారు, 2015లో 49 చేశారు, 2021లో 74 చేశారు, ఇప్పుడు మొత్తం గేటే తీసేశారు. 1956లో 245 బీమా సంస్థలను ప్రభుత్వం కలిపేసి ఎల్ఐసీని పెట్టిన దేశంలో ఇది పెద్ద మార్పే. టీకొట్ల దగ్గర మగవాళ్లు దీని మీద గట్టిగానే వాదులాడుకున్నారు. వాదించుకోనీండి. కంపెనీ ఏ దేశానిదైనా మన గడపలోకి వచ్చేది మన ఊరి ఏజెంటే. అతను మన ఇంట్లో కూర్చుని, మనం ఇచ్చిన కాఫీ తాగి, ఎవరితో మాట్లాడతాడు, ఎవరి సంతకం తీసుకుంటాడు అన్నదే నాకు ముఖ్యం.

ఈ కొత్త సంగతుల మీద పేపర్లలో పేజీలకు పేజీలు వచ్చాయి. మన ఆడవాళ్లకు వీటన్నిటికంటే ఎక్కువ పనికొచ్చే చట్టం మరొకటుంది. దాని మాట మాత్రం నేను ఏ ఏజెంటు నోటా వినలేదు. అది కొత్తది కాదు మరి. 1874 నాటిది. వివాహిత స్త్రీల ఆస్తి చట్టం అంటారు.

దాని సంగతి చెప్పేముందు మా వైపు బతుకులెట్లా ఉంటాయో రెండు మాటలు చెప్పాలి. మాది మెట్ట ప్రాంతం. భైరవకోన చూడటానికి వచ్చేవాళ్లు జలపాతం చూసి "ఎంత చల్లటి ఊరండీ" అని మురిసిపోతారు గానీ, కొండ దిగితే వెతుక్కోవాలి నీళ్లను. వెలిగొండ నీళ్లొస్తాయని ఎదురుచూడటంలోనే ఒక తరం గడిచిపోయింది. బోరు వేస్తారు, పడదు. ఇంకో బోరు. బత్తాయి చెట్లు ఎండిపోతుంటే టాంకర్లతో నీళ్లు తోలి బతికించుకున్న ఏళ్లు ఉన్నాయి. అటు మార్కాపురం పోతే పలకల గనులు. ఆ పొడి పీల్చిన మగవాళ్ల దగ్గు వింటే చాలు, ఆ ఇంటి భవిష్యత్తు కనపడుతుంది. పనుల కోసం హైదరాబాదుకో బెంగుళూరుకో పోయినవాళ్ల ఇళ్లకు తాళాలు. ఇంత చెప్పిందెందుకంటే, ఇలాంటి చోట మగవాడి పేరు మీద పాలసీ ఒక్కటే ఉంటుంది గానీ ప్రామిసరీ నోట్లు మాత్రం అరడజను ఉంటాయి. అప్పు ఎంతుందో ఆయన పోయాక గానీ ఇల్లాలికి తెలియదు.

మా పక్క ఊళ్లో ఒకామెకు అదే జరిగింది. పేరు చెప్పను. భర్త గుండెపోటుతో పోయాడు. పెద్దకర్మ అయిన మర్నాడే నోట్లు పట్టుకుని నలుగురు వచ్చారు. ఐదు లక్షల పాలసీ ఉందని ఊరందరికీ తెలుసు. బాండు మాత్రం ఆమె ఇంట్లో లేదు. వచ్చిన నలుగురిలో ఒకాయన పెట్టెలో ఉంది. ఎప్పుడో అప్పు తీసుకున్నప్పుడు పూచీగా పెట్టాడట. అరుగు మీద పెద్దమనుషులు కూర్చున్నారు. "చచ్చినోడి రుణం తీర్చమ్మా, ఆయన ఆత్మ శాంతిస్తుంది" అన్నారు. ఆయన ఆత్మ సంగతి ఆలోచించినవాళ్లలో ఒక్కరు కూడా పదో తరగతి చదివే ఆడపిల్ల ఫీజు సంగతి ఆలోచించలేదు. క్లెయిము డబ్బు బ్యాంకులో పడిన రోజున నలుగురూ బ్యాంకు బయటే ఉన్నారు. ఆమె చేతికి మిగిలింది నలభై వేలు.

ఇక్కడ చట్టం ఏమంటుందో ఒక్కొక్కటిగా చూడండి. ఒకటి, బాండు కాగితం పెట్టెలో పెట్టుకున్నంత మాత్రాన డబ్బు ఆ అప్పిచ్చినవాడిది కాదు. పాలసీని తన పేరుకు బదలాయించినట్టు బీమా కంపెనీ దగ్గర నమోదై ఉంటేనే అతనికి హక్కు. బాండు లేకపోయినా పూచీపత్రం రాసిచ్చి క్లెయిము తీసుకోవచ్చు. రెండు, పోయిన మనిషి అప్పుకు భార్యాబిడ్డలు బాధ్యులయ్యేది ఆయన వదిలివెళ్లిన ఆస్తి మేరకే. ఆమె కూడా నోటు మీద సంతకం చేసి ఉంటే అది వేరే మాట. ఇవన్నీ ఆమెకు చెప్పినవాళ్లు లేరు. చెప్పినా, అరుగు మీద అంతమంది పెద్దల ముందు నిలబడి సెక్షన్లు మాట్లాడే ఓపిక పదమూడో రోజున ఏ ఆడదానికి ఉంటుంది?

అందుకే ఆ పాత చట్టం. అందులో ఆరో సెక్షను ఏమంటుందంటే, పెళ్లయిన మగవాడు తన ప్రాణం మీద పాలసీ తీసుకుంటూ, ఇది నా భార్య కోసమో, భార్యాపిల్లల కోసమో అని ఆ పాలసీ మీదే రాయిస్తే, ఆ డబ్బు ఇక ఆయన ఆస్తిలో భాగం కాదు. భార్యాపిల్లల తరఫున దాచిన సొమ్ము కింద లెక్క, ట్రస్టు అన్నమాట. ఆయన కట్టిన డబ్బే అయినా ఆయనకు దాని మీద పెత్తనం ఉండదు. ఆయన అప్పులవాళ్లకూ ఉండదు. తాకట్టు పెట్టటానికి వీల్లేదు, ఇంకొకరి పేరుకు రాసివ్వటానికి వీల్లేదు, దాని మీద లోను తీసుకోవటానికీ వీల్లేదు. ఆ ఇల్లాలి భర్త పాలసీ ఇట్లా రాసి ఉంటే, అరుగు మీద ఆమె సెక్షన్లు చెప్పక్కర్లేదు. "ఈ డబ్బు ఆయనది కాదయ్యా, నాదీ నా పిల్లలదీ" అని ఒక్క మాట అంటే సరిపోయేది.

ఇంగ్లీషువాళ్ల కాలంలో వచ్చిన ఈ సెక్షను హిందువులకు వర్తిస్తుందా లేదా అని చాలాకాలం తగువు నడిచింది. వర్తిస్తుందని 1913లో తేల్చింది మన మద్రాసు హైకోర్టే. 1923లో చట్టాన్ని సవరించి హిందువులకూ, ముస్లిములకూ, సిక్కులకూ, జైనులకూ వర్తింపజేశారు. దేశంలో మిగతా చోట్ల 1923 ఏప్రిల్ 1 తర్వాత తీసుకున్న పాలసీలకు అని రాసి, మద్రాసు రాష్ట్రానికి మాత్రం 1913 డిసెంబరు 31 తర్వాత తీసుకున్నవాటికల్లా అని ప్రత్యేకంగా రాశారు. అప్పట్లో మా కనిగిరి తాలూకా నెల్లూరు జిల్లాలో ఉండేది, మార్కాపురం కర్నూలు జిల్లాలో ఉండేది, రెండూ మద్రాసు రాష్ట్రమే. అంటే దేశంలో అందరికంటే పదేళ్ల ముందే ఈ హక్కు మన అమ్మమ్మల అమ్మమ్మలకు వచ్చింది. నూరేళ్లు దాటినా మన చెవిన పడలేదు!

దీనికి అదనంగా కట్టాల్సిందేమీ లేదు. పాలసీకి దరఖాస్తు పెట్టేటప్పుడే దానితోపాటు మరో ఫారం నింపాలి, అంతే. అందులో ఎవరి కోసమో, ఎవరికెంత వాటానో రాయాలి. ట్రస్టీగా ఒకరి పేరు రాయాలి. నమ్మకమైన పెద్దమనిషి కావచ్చు, భార్యే కావచ్చు. ఆ గడి ఖాళీగా వదిలేయకండి. వదిలేస్తే డబ్బు నేరుగా మనకు రాకుండా ప్రభుత్వం నియమించే అఫీషియల్ ట్రస్టీ అనే అధికారి దగ్గరికి పోతుంది, అక్కడి నుంచి తెచ్చుకునేసరికి చెప్పులరుగుతాయి. ఇంకొక సంగతి, ఇప్పటికే నడుస్తున్న పాలసీకి దీన్ని తగిలించటం కుదరదు, కొత్త పాలసీకే. ఒకసారి రాశాక మార్చటమూ కుదరదు. అప్పులవాళ్లను మోసం చేయాలన్న ఉద్దేశంతోనే పాలసీ తీసుకున్నట్టు రుజువైతే మాత్రం వాళ్లు కట్టిన ప్రీమియాల వరకు కాదు, పాలసీ డబ్బులోనుంచే రాబట్టుకోవచ్చని చట్టమే అంటుంది. కాబట్టి నిండా మునిగాక చేసే పని కాదిది. చేతిలో నాలుగు డబ్బులున్నప్పుడు, ఇల్లు ప్రశాంతంగా ఉన్నప్పుడు చేయవలసింది.

ఏజెంట్లు ఎందుకు చెప్పరంటారా? నేను ఒకరిద్దరిని అడిగాను. "మగవాళ్లు ఒప్పుకోరమ్మా" అన్నాడు ఒకాయన. "లోను రాదంటే పాలసీయే వద్దంటారు, నా బేరం పోద్ది" అన్నాడు. ఉన్నమాట చెప్పాడు, కోపం తెచ్చుకోలేం. మగవాళ్ల వైపు నుంచి కూడా ఆలోచించాలి. మా మెట్ట ఊళ్లల్లో పాలసీ అంటే చావుకు మాత్రమే కాదు, విత్తనాలకూ ఎరువులకూ పిల్లల ఫీజులకూ ఆదుకునే డబ్బు. బయట నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చేకంటే పాలసీ మీద లోను వెయ్యి రెట్లు నయం. అది కాదనను. అందుకని ఉన్న పాలసీలన్నీ ఇట్లా కట్టిపడేయమనటం లేదు. ఆ లోను అవసరం తీరేందుకు ఒక పాలసీ ఉండనీండి. తీసుకోబోయే దాంట్లో కనీసం ఒక్కటి, అదీ తక్కువ ప్రీమియానికి ఎక్కువ మొత్తం వచ్చే టర్మ్ పాలసీ, భార్యాపిల్లల పేరున ఇట్లా రాయించమంటున్నాను. టర్మ్ పాలసీ మీద ఎటూ లోను రాదు కాబట్టి మగవాళ్లు పోగొట్టుకునేదీ లేదు. పన్ను కూడా పోయింది, ఇంకేం అడ్డం?

"నా మీద నమ్మకం లేదా?" అనే మాట ఒకటి ఉంది. మనల్ని వెనక్కి తగ్గించే మాట అదే. నమ్మకం లేకపోతే ఇన్నేళ్లు కాపురం ఎట్లా చేశాం? మా ఆయన కూడా మొదట అదే అన్నాడు, నవ్వుతూనే అనుకోండి. "మీ మీద నమ్మకం ఉంది, మీరు పోయాక వచ్చేవాళ్ల మీద లేదు" అన్నాను.

"నామినీగా నా పేరుందిలే" అని నిశ్చింతగా ఉండేవాళ్లకు కూడా ఒక మాట. నామినీ అంటే డబ్బు అందుకునే మనిషే గానీ హక్కుదారు కాదని 1984లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఆ డబ్బు వారసులందరిదీ. 2015లో బీమా చట్టాన్ని సవరించి, తల్లిదండ్రులో, భార్యో, భర్తో, పిల్లలో నామినీ అయితే ఆ డబ్బు వాళ్లదేనని రాశారు. తగువు తీరిందనుకున్నారు. తీరలేదు. 2025లో కర్ణాటక హైకోర్టు ముందుకు ఒక కేసు వచ్చింది. ఒకాయన పెళ్లికి ముందు పాలసీలు తీసుకుని తల్లిని నామినీగా పెట్టాడు. తర్వాత పెళ్లయింది, బిడ్డ పుట్టాడు. నామినీ పేరు మార్చలేదు. ఆయన పోయాడు. డబ్బు తల్లి ఒక్కదానికే చెందుతుందా? చెందదు, వారసులు అడిగితే వాటా ఇవ్వాల్సిందేనని చెప్పి కోర్టు తల్లికీ భార్యకీ బిడ్డకీ తలా మూడోవంతు ఇచ్చింది.

ఈ తీర్పు చదివినప్పుడు కోడలి తరఫున సంతోషించాలో, ఆ తల్లి తరఫున బాధపడాలో నాకు తేలలేదు. ఇద్దరూ ఒకే మనిషిని పోగొట్టుకున్నవాళ్లే. ఆయన పెళ్లయిన ఏడాదే ఆఫీసుకు పోయి ఒక ఫారం నింపి ఉంటే ఇద్దరూ కోర్టు మెట్లు ఎక్కేవాళ్లు కాదు. మనలో ఎంతమంది భర్తల పాలసీల్లో ఇప్పటికీ అత్తగారి పేరే ఉందో, అసలు పోయిన మామగారి పేరే ఉందో! పెళ్లిళ్ల సీజనులో చీరలకు ఒంగోలు దాకా పోతాం. పెళ్లికొడుకు నామినీ ఎవరని అడిగే ఇంటిని నేనింతవరకు చూడలేదు. కొడుకులున్న తల్లులు కూడా ఈ మాట ఎత్తాలి. అత్తగారు ముందుగా అంటే దానికి ఉండే మర్యాదే వేరు.

ఇక మన ప్రాణం సంగతి. ఇంట్లో ఉండే ఆడదానికి సొంత సంపాదన లేదు కాబట్టి ఆమెకు ఎంతకు పాలసీ ఇవ్వాలన్నది భర్త జీతమూ, భర్తకున్న పాలసీలూ చూసి తేలుస్తారు. తెల్లవారుజామున లేచి రాత్రి పదింటిదాకా చేసే చాకిరీకి వెల లేదన్నమాట. ఇంటావిడ మంచాన పడి, వంటకూ పిల్లలకూ ముసలివాళ్లకూ తలా ఒక మనిషిని పెట్టుకుంటే ఎంతవుతుందో లెక్క వేసుకోమనండి ఈ కంపెనీలను. ప్రధానమంత్రి జీవనజ్యోతి బీమాలో మాత్రం ఈ పేచీ లేదు. బ్యాంకు ఖాతా ఉండి, 18 నుంచి 50 ఏళ్ల లోపు ఉంటే ఏడాదికి 436 రూపాయలకు రెండు లక్షలు. ప్రమాద బీమా సురక్షాకు 20 రూపాయలే. మన ఖాతాలో ఇవి ఏటా కోసుకుంటున్నారా లేదా పాస్‌బుక్కు చూడండి. మెసేజి ఇంటాయన ఫోనుకే పోతుంటే నంబరు మార్పించుకోండి.

కొత్త నిబంధనల్లో మనకు అక్కరకొచ్చేవి కొన్ని ఉన్నాయి, అవీ చెప్పాలి. పాలసీ చేతికొచ్చాక నచ్చకపోతే తిప్పి ఇచ్చేయటానికి ఇదివరకు మామూలుగా 15 రోజులే ఉండేది. 2024 నుంచి 30 రోజులు ఇచ్చారు. ఏజెంటు ఒకటి చెప్పి, బాండులో ఇంకొకటి ఉంటే ఈ నెల రోజుల్లోనే వెనక్కి కొట్టండి. జీవిత బీమా మూడేళ్లు నడిచాక ఆరోగ్యం గురించి తప్పు చెప్పారంటూ పాలసీనే ప్రశ్నించటానికి వీల్లేదు. అట్లాగని షుగరున్నా లేదని రాయించే ఏజెంటు మాట వినొద్దు. ఆ మూడేళ్ల లోపే పోతే ఆయన చేసిన అబద్ధం మన మెడకు చుట్టుకుంటుంది. క్లెయిము అన్యాయంగా కొట్టేశారనుకుంటే ముందు కంపెనీకి రాయాలి. నెల రోజుల్లో సరైన జవాబు రాకపోతే హైదరాబాదులో బీమా అంబుడ్స్‌మన్ ఉన్నారు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, 50 లక్షల దాకా తగువులు వింటారు.

2024 డిసెంబరులో ఎల్ఐసీ "బీమా సఖి" అని ఒక పథకం పెట్టింది. పదో తరగతి చదివిన ఆడవాళ్లను ఏజెంట్లుగా తయారుచేసి, మూడేళ్లపాటు నెలనెలా కొంత భత్యం ఇస్తారు. మొదటి ఏడాది నెలకు 7,000. నాకు ఆశ ఉన్నది వీళ్ల మీదే. ఆడమనిషి గడపలోకొస్తే ఇల్లాలు తలుపుచాటు నుంచి ముందుకొచ్చి కూర్చుంటుంది, అడగాల్సింది అడుగుతుంది. కానీ ఆ సఖికి కూడా శిక్షణలో ఈ 1874 చట్టం గట్టిగా నేర్పకపోతే ఆమే వచ్చి "సార్, ఇక్కడ సంతకం పెట్టండి" అని పోతుంది.

బీమా కంపెనీలన్నిటి మీదా అజమాయిషీ చేసే ఐఆర్‌డీఏఐ మన హైదరాబాదులోనే ఉంది. ఆ పెద్దలను నేను అడిగేది చిన్న పని. పెళ్లయిన మగవాడు పాలసీకి దరఖాస్తు పెట్టుకునే కాగితంలో ఒక ప్రశ్న తప్పనిసరి చేయండి, తెలుగులో, పెద్ద అక్షరాలతో: "ఈ పాలసీని మీ భార్యాపిల్లల కోసం విడిగా రాయదలచుకున్నారా? అవును, కాదు." ఆయన "కాదు" అన్నా సరే, ఆ ప్రశ్న కింద భార్య కూడా చదివినట్టు సంతకం పెట్టాలి. సిగరెట్టు తాగుతారా, తాతకు గుండెజబ్బు ఉందా అని అన్ని ప్రశ్నలు అడిగే కాగితంలో దీనికి రెండు గీతలు చోటు దొరకదా?